మాతృభాష – అన్యభాషాభ్యాసము

విద్యార్థులారా! మన దేశము భాషలకు పుట్టినిల్లు. 2011 జనాభా లెక్కలయందు తెలుగు తమ మాతృభాషయని చెప్పినవారు 8 కోట్ల 11 లక్షలకు పైబడి యుండిరి. ఆ లెక్కలలోనే దేశజనులలో సుమారు నాలుగవ వంతు మంది, తమకు మాతృభాషగాక మఱియొక భాషయు వచ్చునని తెలిపిరి. చిత్తూరు సంతలో తెలుగును తమిళమును, హైదరాబాదు బజారులో తెలుగును ఉర్దూను, అనంతపురము సరిహద్దు గ్రామములలో తెలుగును కన్నడమును ఒకే నోట వినబడును. మీరును బడిలో తెలుగు, హిందీ, ఇంగ్లీషు అను మూడు భాషలను చదువుచున్నారు. కావున మాతృభాషకును, తరువాత నేర్చుకొను భాషలకును గల సంబంధమును తెలిసికొనుట మీకు మిక్కిలి అవసరము.

ఈ విషయమున రెండు భయములు లోకములో వ్యాపించియున్నవి. ఇంటిలో తెలుగు మాటలాడినచో పిల్లలకు ఇంగ్లీషు పట్టుపడదని కొందఱు తల్లిదండ్రులు తలంతురు. ఇంగ్లీషు, హిందీ నేర్చినచో తెలుగు మాసిపోవునని మఱికొందఱు తలంతురు. ఈ రెండు భయములును ఎదురెదురుగా నిలిచినట్లు కనబడినను, వాని మూలమొక్కటియే. మనస్సు ఒక కుండవంటిదనియు, అందు ఒక భాషను నింపినచో మఱియొక దానికి చోటుండదనియు ఉభయులును నమ్ముచున్నారు. ఈ నమ్మకము నిజమా? దీనిని విచారించుటకు ముందు మాతృభాష మనకెట్లు వచ్చినదో చూడవలెను.

మాతృభాషను మనకెవ్వరును పాఠముగా చెప్పలేదు. తల్లి ఒడిలో ఉండగనే శిశువు భాషను పట్టుకొన నారంభించును. 1984లో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అను శాస్త్రజ్ఞులు కెనడా దేశమున ఒక పరిశోధన ప్రకటించిరి. ఇంగ్లీషు మాటలాడు కుటుంబములలోని శిశువులకు వారు హిందీలోని 'త', 'ట' ధ్వనులను వినిపించిరి. ఇంగ్లీషులో ఈ రెండు ధ్వనులకు భేదము లేదు. ఐనను ఆఱు మొదలు ఎనిమిది నెలల వయస్సుగల శిశువులు ఆ భేదమును గుర్తింపగలిగిరి. పది, పండ్రెండు నెలల వయస్సు వచ్చునప్పటికి వారిలో పెక్కుమంది ఆ శక్తిని కోల్పోయిరి. దీనినిబట్టి మనకు తెలియునదేమనగా, శిశువు లోకములోని పలుభాషల ధ్వనులకు చెవి యొగ్గి పుట్టును. ఏడాది తిరుగకమునుపే ఆ చెవి ఇంటి భాషకు తగినట్లు తీర్చబడును. మన పిల్లలకు 'తాత'కును 'టాటా'కును భేదము చెప్పనక్కఱలేదు. ఆ భేదము పెక్కుమంది ఇంగ్లీషువారి చెవికి శ్రమపడినగాని అందదు.

ధ్వనులవలెనే వ్యాకరణమును మనకు తెలియకుండగనే వచ్చినది. నాలుగేండ్ల పిల్ల "నాన్న వచ్చాడు", "అమ్మ వచ్చింది", "ఆవు వచ్చింది" అని తడబడక పలుకును. తెలుగులో ఏకవచనమున స్త్రీకిని పశువునకును క్రియ ఒకే తీరుగా నుండును. బహువచనమునకు వచ్చుసరికి స్త్రీలు పురుషులతో చేరి "వాళ్లు వచ్చారు" అనియు, పశువులు మాత్రము వేఱై "ఆవులు వచ్చాయి" అనియు అగును. ఇది సులభమైన సూత్రము కాదు. పెద్దవయస్సున తెలుగు నేర్చుకొను పరదేశీయులు దీనితో కొంతకాలము పెనగులాడుదురు. మన పిల్ల ఏ పుస్తకమును చదువకయే దీనిని సాధించినది. ఇంత గొప్ప విద్యను బడికి రాకమునుపే సంపాదించిన బిడ్డను "ఏమియు రానివాడు" అని ఎవరనగలరు?

ఇక రెండవ భాష మాట. దానిని నేర్చుకొనునప్పుడు మన చెవియు, నాలుకయు, ఆలోచనయు మొదటి భాష దారినే నడువజూచును. తెలుగు అజంతభాష, మన మాటలు సాధారణముగా అచ్చులతో ముగియును. అందుచేత ఇంగ్లీషువారి 'బస్' మన నోట 'బస్సు' ఐనది. 'రోడ్' 'రోడ్డు' ఐనది. 'కార్' 'కారు' ఐనది. ఇంగ్లీషువారు 'టికెట్' అనునప్పుడు నాలుక పలువరుసకు వెనుకనున్న చిగురును తాకును. మన 'త' పండ్లను తాకును. మన 'ట' అంగిటిని తాకును. ఆ ధ్వని ఈ రెండింటికి నడుమ నున్నది. మన చెవి దానిని 'ట'గానే పట్టుకొని 'టికెట్టు' అని పలికించినది. హిందీలో 'కితాబ్' స్త్రీలింగము, 'కాగజ్' పుంలింగము. తెలుగులో పుస్తకమును 'అది', కాగితమును 'అది'. కావున మన విద్యార్థి హిందీ వ్రాయునప్పుడు లింగభేదమున పొరపడుట సహజము.

ఇట్టి తప్పులు మందబుద్ధికి చిహ్నములు కావు. విద్యార్థి తన మాతృభాషను ఎంత గట్టిగా నేర్చెనో అవి చూపుచున్నవి. పొరపాటు ఎక్కడనుండి వచ్చినదో తెలిసినచో, దానిని దిద్దుకొనుట తేలిక. తప్పు పలికిన తోడి విద్యార్థిని చూచి నవ్వుట మాత్రము మిక్కిలి హానికరము. నవ్వులపాలైన బాలుడు మఱునాడు నోరు తెఱవడు. నోరు తెఱవనివానికి ఏ భాషయు రాదు.

మొదటి భాష రెండవదానికి అడ్డమే గాని సాయము కాదా? అడ్డముకంటె సాయమే చాల ఎక్కువ. ఊరి చెరువులో ఈత నేర్చినవాడు కృష్ణానదిలో దిగినప్పుడు ప్రవాహమును గూర్చియు, సుడిగుండములను గూర్చియు క్రొత్తగా తెలిసికొనవలెను. కాని ఈతను మొదటినుండి నేర్చుకొననక్కఱలేదు. చదువును అట్టిదే. అక్షరములను చూచి అర్థమును గ్రహించుట, కథలో ముందేమి జరుగునో ఊహించుట, ఒక సంగతికి కారణమును వెదకుట, చదివినదానిని తన మాటలలో చెప్పుట—ఇవన్నియు ఒక భాషలో అలవడినచో మఱియొక భాషకు వెంట వచ్చును. జిమ్ కమిన్స్ అను కెనడా విద్యావేత్త 1979లో ఈ సంగతినే సిద్ధాంతముగా ప్రతిపాదించెను. పైకి భాషలు వేఱువేఱుగా కనబడినను, చదువుకును ఆలోచనకును ఆధారమైన శక్తి లోపల ఒక్కటే యని ఆయన భావము.

ఒక చిన్న ఉదాహరణము చూడుడు. అరటిపండును నాలుగు సమభాగములుగా కోసి అందు మూడు తీసికొన్నచో అది 'ముప్పావు' అని ఇంటిలో తెలిసిన బాలికకు, ఇంగ్లీషులో 'త్రీ ఫోర్త్స్' అనునది ఒక క్రొత్త పేరు మాత్రమే. ఆమె నేర్చుకొనవలసినది ఒక్క మాట. తెలుగులోగాని మఱి యే భాషలోగాని ఆ భావము తెలియని బాలిక మాటను, భావమును రెండింటిని ఒక్కసారి మోయవలెను. అప్పుడామె మాటను కంఠస్థము చేసి భావమును విడిచివేయును. పరీక్షలో వ్రాసిన మాట పరీక్షతోనే పోవును.

రెండు భాషలు వినబడు ఇండ్లలో పుట్టిన బిడ్డలు చెడిపోవుదురేమో యను సందేహమును కొందఱికి కలదు. తల్లి ఒక భాషయు, తండ్రి మఱియొక భాషయు మాటలాడు ఇంట బిడ్డ మొదట రెండింటిని కొంత కలిపి పలుకును. క్రమక్రమముగా ఎవరితో ఏ భాష పలుకవలెనో తానే తెలిసికొనును. మనస్సు కుండ కాదనుటకు ఈ బిడ్డలే సాక్ష్యము.

మాతృభాష అన్యభాషకు ఉపకరించుట చూచితిమి. అన్యభాషయు మాతృభాషకు ఉపకారము చేయును. మన ముఖమును మనము చూచుకొనుటకు అద్దము కావలెను గదా! తెలుగులో 'మేము', 'మనము' అను రెండు మాటలు కలవు. "మేము తిరుపతి వెళ్లుచున్నాము" అన్నచో వినువానిని విడిచి వెళ్లుచున్నామని అర్థము. "మనము తిరుపతి వెళ్లుచున్నాము" అన్నచో అతడును మనతో వచ్చుచున్నాడు. ఇంగ్లీషులో ఈ రెండింటికిని 'వుయ్' అను ఒక్క మాటయే కలదు. హిందీలోను 'హమ్' ఒక్కటియే. ఇంగ్లీషును తెలుగులోనికి మార్చునప్పుడు 'మేము' వ్రాయవలెనా, 'మనము' వ్రాయవలెనా అని ఆగినవానికే, తన భాషలో ఇట్టి సూక్ష్మభేదము కలదని మొదటిసారి తోచును. ఆ దినమువఱకు అతడు ఆ భేదమును పాటించెనే గాని ఎఱుగడు.

పరభాషను ప్రేమతో నేర్చుకొన్నవారు ఆ భాషకును మేలు చేసిన నిదర్శనములు మన దేశమునందే కలవు. చార్లెస్ ఫిలిప్ బ్రౌను 1798లో కలకత్తాలో జన్మించెను. ఆయన మాతృభాష ఇంగ్లీషు. 1817లో మద్రాసు చేరి, కంపెనీ కొలువునకు కావలసిన తెలుగును అభ్యసించి, 1820లో కడపకు ఉద్యోగియై వచ్చెను. కొలువు కొఱకు మొదలుపెట్టిన చదువు కొలువుతో ఆగలేదు. ఆయన తాటియాకు ప్రతులను సేకరించి, పండితులను నియమించి, పాఠములను పరిష్కరింపజేసెను. 1829లో వేమన పద్యములను ఇంగ్లీషు అనువాదముతో ప్రకటించెను. 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువును వెలువరించెను. నేటికిని ఆ నిఘంటువును తిరుగవేయని తెలుగు పరిశోధకులు అరుదు. ఒక పరదేశీయుడు మన భాషను నేర్చినందున ఆయన ఇంగ్లీషు తఱుగలేదు. మన తెలుగునకు లాభము కలిగినది.

బ్రౌను ఉద్యోగధర్మముగా భాష నేర్చెను. ఉద్యోగము కోరకున్నను, ఇతరుల పిల్లల చదువుకొఱకు ఒక భాష నేర్చిన మహనీయుడు మనలో ఒకడు కలడు. ఆయన గిడుగు వేంకట రామమూర్తి పంతులు. ఆయన 1863 ఆగస్టు 29వ తేదీన శ్రీముఖలింగమునకు చేరువనున్న పర్వతాలపేటలో జన్మించెను. 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడాయెను. పర్లాకిమిడి నేడు ఒడిశా రాష్ట్రమున గజపతి జిల్లాలో నున్నది. ఆ పట్టణమునకు చుట్టునున్న కొండలలో సవరలు నివసింతురు. వారి భాష తెలుగునకుగాని ఒడియాకుగాని చుట్టము కాదు. అది ముండా భాషాకుటుంబమునకు చెందినది. ఆ కాలమున దానికి లిపి లేదు, పుస్తకము లేదు. బడి కలిగినచోట చదువు తెలుగులోనో ఒడియాలోనో సాగెడిది. సవర బాలుడు కొండమీద గలగల మాటలాడువాడే. బడిలో కూర్చుండినంతనే మూగవాడగుచుండెను.

లోపము బాలునిది కాదని పంతులుగారు గ్రహించిరి. బాలుడు తన భాష విడిచి గురువు భాషకు రావలెనని ఆయన పట్టుపట్టలేదు. గురువే శిష్యుని భాషకు పోవలెనని నిశ్చయించిరి. సవర, తెలుగు రెండును తెలిసిన యొకనిని తమ యింటనే ఉంచుకొని సవరను నేర్చుకొన నారంభించిరి. ఆ భాషలో, కంఠమున ఊపిరిని క్షణకాలము బిగబట్టి పలుకు ధ్వనియొకటి కలదు. అట్టిది తెలుగు చెవికి పరిచితము కాదు. అలవాటులేని ధ్వనులను మాటిమాటికి విని, పలికి, గుర్తులు కల్పించి వ్రాసికొనిరి. పిమ్మట సవరలో వాచకములు కూర్చిరి. తమ ధనము వెచ్చించి బడులు పెట్టి, సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పించిరి. పెక్కేండ్ల కృషికి ఫలముగా ఆయన రచించిన సవర వ్యాకరణము 1931లో మద్రాసు ప్రభుత్వముచే ప్రకటింపబడెను. సవర నిఘంటువును వారు సిద్ధపఱచిరి. 1940లో ఆయన పరమపదించువఱకు భాషాసేవ మానలేదు.

ఈ చరిత్రయందు మనము గమనింపవలసినది ఒకటి కలదు. గిడుగువారు సవర పిల్లలకు తెలుగు వలదని చెప్పలేదు. ముందుగా వారి భాషలో అక్షరమును, ఆలోచనను నాటినచో, ఇతర భాషలు వారికి అందుబాటులోనికి వచ్చునని వారి నమ్మకము. దీనినే తరువాతి కాలమున రాజ్యాంగమును అంగీకరించినది. 1956లో ఏడవ సవరణచే చేర్చబడిన 350-ఎ అధికరణము, భాషావిషయమున అల్పసంఖ్యాకులైన వారి పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషయందు బోధించుటకు తగిన వసతులు కల్పింప యత్నించుట ప్రతి రాష్ట్రముయొక్క కర్తవ్యమని చెప్పుచున్నది. 2004 ప్రాంతమున, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశమున సవర, కోయ, గోండి, కొండ, కువి, కొలామి, బంజారా, ఆదివాసీ ఒడియా అను ఎనిమిది భాషలలో ప్రాథమిక వాచకములు తెలుగు లిపిలో సిద్ధపఱచు ప్రయత్నము మొదలాయెను. పిల్లలు మొదట తమ భాషలో చదివి, మెల్లమెల్లగా తెలుగునకును, పిదప ఇంగ్లీషునకును రావలెననుట దాని పద్ధతి.

ఇది కొండలలోని పిల్లలకు మాత్రమే సంబంధించిన సంగతియని తలంపవలదు. మీరిప్పుడు చదువుచున్న ఈ వ్యాసపు భాషను మీలో నెవ్వరును ఇంటిలో పలుకరు. "వచ్చుచున్నాను" అని అమ్మతో అన్నవాడుండడు. ఒకరు "వస్తున్నాను" అందురు. తెలంగాణమున "వస్తున్న" అందురు. రాయలసీమలో "వస్తాండాను" అందురు. పుస్తకభాషయు మనకు ఒకవిధముగా అదనపు భాషయే. ఇంటి పలుకుబడిని హీనమని త్రోసివేసి పుస్తకభాషను నేర్పబూనినచో, బిడ్డ రెండింటికిని దూరమగును. ఇంటి మాటను గౌరవించి, దాని ప్రక్కన పుస్తకపు మాటను నిలిపినచో, రెండును నిలుచును. ఎక్కడ ఏది తగునో ఎఱిగి పలుకుటయే భాషావివేకము.

ఇక రెండవ భయము మిగిలినది. అన్యభాషలు నేర్చినచో మాతృభాష పోవునా? దీనికి సముద్రమునకు ఆవలనున్న మన వారి చరిత్ర సమాధానము చెప్పును. 19వ శతాబ్దమున చెఱకుతోటలలో పనికై తెలుగువారు కోరంగి మొదలైన తీరములనుండి ఓడలెక్కి మారిషసు ద్వీపమునకు పోయిరి. అక్కడ పలు దేశములవారికి ఉమ్మడి భాష ఫ్రెంచినుండి పుట్టిన క్రియోలు. తరములు గడచినకొలది వారి ఇండ్లలోనికి క్రియోలు ప్రవేశించి, తెలుగు వెనుకబడెను. ఐనను వారు ఉగాదిని మఱవలేదు. నేడు అక్కడి బడులలో వారి పిల్లలు తెలుగును పాఠముగా నేర్చుకొనుచున్నారు. ముత్తాతకు ఉగ్గుపాలతో వచ్చిన భాష మునిమనుమనికి పలక పట్టి నేర్చుకొనవలసినదాయెను. క్రియోలు నేర్చుటచేతనే తెలుగు పోలేదు. పెద్దలు ఇంటిలో పిల్లలతో పలుకుట తగ్గినకొలది పోయినది. ఏ భాషయైనను పరభాష నేర్చుటవలన నశింపదు. స్వభాషను వాడకుండుటవలన నశించును. ఈ భేదమును మన యిండ్లలోను బాగుగా గుర్తుంచుకొనవలెను.

కావున భాషలను నేర్చుకొనువారు పాటింపదగిన కొన్ని నియమములు చెప్పుచున్నాను. మొదట చెవికి పనిపెట్టుడు. బాగుగా విననివాడు బాగుగా పలుకలేడు. చదువునప్పుడు బిగ్గఱగా చదువుడు; నాలుకయు సాధన కోరును. మాటను ఒంటరిగా కాక, వాక్యములో నేర్చుకొనుడు. నిఘంటువును బద్ధకింపక తిరుగవేయుడు. ఒక పుటను అన్యభాషనుండి తెలుగులోనికి మార్చి, మూడు దినములు ఆగి, దానినే తిరిగి ఆ భాషలోనికి మార్చి మూలముతో పోల్చిచూడుడు. రెండు భాషల స్వభావమును ఒక్కసారి తెలియును. ప్రతిదినము తెలుగులో కొన్ని పుటలు చదువుటయు, కొన్ని పంక్తులు వ్రాయుటయు మానకుడు. మీ తరగతిలో ఉర్దూయో, లంబాడీయో, గోండియో, ఒడియాయో ఇంటి భాషగా గల బాలబాలికలున్నచో, వారి భాషలో పది మాటలు అడిగి నేర్చుకొనుడు. మీకు లభించునవి పది మాటలే. కాని తన భాషను ఒకడు అడిగి నేర్చెనను ధైర్యము ఆ బిడ్డకు ఏడాదిపొడవున నిలుచును.

మాతృభాష మన యింటి గడప. అన్యభాషలు మనము నడువవలసిన బాటలు. గడపలేని యింటినుండి బయలుదేరినవాడు తిరిగి వచ్చుటకు చోటెఱుగడు. గడప దాటనివాడు లోకమెఱుగడు. తెలుగును గౌరవముతో నిలుపుకొని, ఇతర భాషలను ఆదరముతో నేర్చుకొని, ఎదుటివాని అమ్మనుడిని మన అమ్మనుడివలెనే మన్నించుట విద్యావంతుని లక్షణము. మీరందఱును అట్టి విద్యావంతులు కాగలరని ఆశించుచున్నాను.